అమ్ములూ, ముందే కంపాస్ బాక్సులు తెరిపించబాక

అమ్ములూ, బాగుండావా? మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయా, మీ పెద్దమ్మ టీవీ సౌండు ఒకపక్క, కుక్కర్ విజిల్ ఒకపక్క, అందుకే ఇప్పుడు కుదురుగా కూర్చుని టైపు చేస్తుండా, పొడుగైతే ఏమనుకోబాక, ముప్పై మూడేళ్ళు లెక్కల మాస్టరుగా వాగినోడికి చిన్నగా చెప్పడం చేతకాదు. కనిగిరి పక్కన ఆ హైస్కూల్లో చేరి నెల కూడా కాలేదు, వచ్చే వారం ఏడో తరగతికి జ్యామితి మొదలుపెట్టాల, పిల్లలు బిందువు, రేఖ, కిరణం అని గడగడా అప్పజెప్తారుగానీ ఒక్కడికీ ఎక్కలేదు అన్నావు కదా. ఎట్టా ఎక్కుద్ది? నా మాట విని మొదటి వారం కంపాస్ బాక్సులు ఇంట్లోనే పెట్టి రమ్మను. ఒక తాడు, నాలుగు గూటాలు, దోసెడు ముగ్గుపిండి తీసుకుని పిల్లల్ని గ్రౌండులోకి తోలుకుపో.

తాడే ఎందుకంటే ఈ లెక్క పుట్టిందే తాడుతో. జ్యా అంటే భూమి, మితి అంటే కొలత, గ్రీకు వాళ్ళ జామెట్రీ అనే మాటకీ అదే అర్థం. నైలు నది ఏటా పొంగి పొలాన్ని కోసుకుపోతే రాజు మనుషులొచ్చి ఎంత పోయిందో కొలిచి ఆ మేరకు శిస్తు తగ్గించేవాళ్ళంట, గ్రీకులకి ఈ విద్య అక్కణ్ణించే వచ్చి ఉంటదని పాతకాలం గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. ఇది మన పిల్లలకి విడమర్చి చెప్పాల్సిన పన్లేదు, 2021 నవంబర్లో పెన్నా పొంగినప్పుడు గట్లు ఏమైనాయో నెల్లూరు వైపు చుట్టాలున్న ప్రతి పిల్లోడికీ తెలుసు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే మనోళ్ళ పాత సంస్కృత గ్రంథాలు శుల్బసూత్రాలు, వాటిల్లో శుల్బమన్నా తాడే. పావులూరి మల్లన 11వ శతాబ్దంలో మహావీరాచార్యుడనే గణిత పండితుడి పుస్తకాన్ని తెలుగు చేశాడు కదా, ఆ గణితంలో ఆకారాల లెక్కని క్షేత్రగణితం అంటారు, క్షేత్రమంటే చేను. పేరులోనే చేను పెట్టుకుని మనం దాన్ని నల్లబల్ల మీద మాత్రమే చెప్తుండాం, ఏం చెయ్యాల.

ఇప్పుడు నా సిగ్గుమాలిన కథ చెప్తా, పిల్లలకి కూడా చెప్పుకో, పరవాలేదు. 1983లో, బీఎస్సీ లెక్కలు అప్పుడే పాసై నేను గాల్లో తిరుగుతుండే రోజుల్లో, మా చిన్నాన్న కావలిలో ఇంటి స్థలం బేరం చేశాడు. కొలవరా అన్నాడు. నేను టేపు తీసుకుని నాలుగు పక్కలా కొలిచా, నాలుగూ 60 అడుగులే వచ్చినాయి. అరవై అరవైలు 3600, అంకణం 36 చదరపు అడుగుల లెక్కన కరెక్టుగా 100 అంకణాలు. నా అంత మొనగాడు లేడనుకున్నా. డబ్బు కట్టేశారు, రిజిస్ట్రేషన్ అయిపోయింది. పునాదికి ముగ్గు పొయ్యడానికొచ్చిన మేస్త్రి పురికొస పట్టుకుని మూల నుంచి మూలకి లాగాడు, ఒక పక్క 72 అడుగులు, రెండో పక్క 96. అసలైన చతురస్రమైతే రెండు కర్ణాలూ దాదాపు 84 అడుగుల 10 అంగుళాలు ఉండాల. ఆయన నా వైపు తిరిగి, మూల చూడలేదా అబ్బయ్యా అన్నాడు, అంతే. 72 ఇంటూ 96 బై 2, 3456, అంటే 96 అంకణాలు. నాలుగు అంకణాల డబ్బు గోవిందా. మా చిన్నాన్న ఏమీ అనలేదుగానీ ఆ తర్వాత పదేళ్ళు నన్ను ఏదీ కొలవమనలేదు. చాలా ఏళ్ళకి చదివా, ఈజిప్టులో ఎడ్ఫు గుడి గోడ మీద పొలాల లెక్కలు ఇట్టాగే ఉండాయంట, ఎదురెదురు పక్కల సగటు తీసి గుణించేశారు. అట్టా చేస్తే దీర్ఘచతురస్రానికి తప్ప ఎప్పుడూ ఎక్కువే వస్తది. ఇప్పటికీ బ్రోకర్లు చేసేది అదే, జాగ్రత్త.

అందుకని నీ మొదటి క్లాసు ఇది. చీపురుపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు తెప్పించు. నాలుగు పుల్లలు బిగించి చతురస్రం చెయ్యమను, పక్కకి నొక్కమను, వాలిపోద్ది. పుల్లల పొడుగు మారలేదు, లోపల చోటు మారింది. మూడు పుల్లలతో చెయ్యమను, ఎంత నొక్కినా కదలదు. సర్వే వాళ్ళు ఎంత వంకర చేనునైనా త్రిభుజాలుగా కోసేది ఇందుకే. భుజం, కోణం, వైశాల్యం అన్నీ ఆ పది నిమిషాల్లో పిల్లల నోట్లోంచే వస్తాయి, నువ్వు పేర్లు పెడితే చాలు.

బిందువు, రేఖ మాత్రం నిదానంగా చెప్పు, కష్టమంతా ఆడే ఉండాది. సైజు లేని చుక్క ఏంది సార్ అని ప్రతి సంవత్సరం ఎవడో ఒకడు అడుగుతాడు, ఆ అడిగేవాణ్ణి కూర్చోబెట్టబాక, వాడే తెలివైనోడు. హద్దురాయి దగ్గరికి తీసుకుపో. రాయి అరడుగు మందం ఉంటది, కొలత యాడ్నుంచి పట్టాల, ఈ అంచునా ఆ అంచునా? ఇద్దరు రైతులు చెరో అంచూ పట్టుకుంటే ఆరోజు తలకాయలు పగుల్తాయి. రెండడుగుల గట్టు ఎవరిది? సగం నీదీ సగం నాదీ అంటే మధ్యలో గీత ఒకటి ఉండాల, దానికి వెడల్పుంటే మళ్ళీ ఆ వెడల్పు ఎవరిదని తగాదా. రేఖ అంటే వెడల్పు లేని పొడవు, బిందువంటే భాగాలు లేనిది అని క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ అనే గ్రీకు లెక్కల పండితుడు రాసుకుంది మన గట్టు తగాదా తీర్చడానికి కూడా పనికొస్తది.

లంబకోణానికి మేస్త్రి పద్ధతే చెప్పు, ఒక పక్క 3 అడుగులు, ఇంకో పక్క 4, అడ్డం 5 వస్తే మూల మట్టం. పెద్ద పునాదికి 6, 8, 10 పెడతారు, అంగుళం అటూఇటూ అయినా పెద్ద కొలతలో మూల అంతగా చెడదు. నైలాన్ తాడు మాత్రం కొనబాక, లాగితే సాగుద్ది, నేను ఒకసారి అట్టా క్లాసంతా అభాసుపాలయ్యా. దీర్ఘచతురస్రం కర్ణం మీద వచ్చే వైశాల్యం పొడవు మీదదీ వెడల్పు మీదదీ కలిపినంత అని ఆ శుల్బసూత్రాల్లో బౌధాయనుడు సూత్రం చెప్పాడు, యజ్ఞవేదికలు కట్టడానికి. ఎందుకు అట్టా అనే ఋజువు అందులో లేదు. యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ గ్రంథం మొదటి పుస్తకంలో 47వ ప్రతిపాదనగా ఋజువు రాశాడు. ఋజువు అడక్కుండా ఒప్పుకోవాల్సిన ఐదు మాటలు ముందే చెప్పుకుని, 13 పుస్తకాలు వాటి మీదే లేపాడు ఆ మహానుభావుడు.

ఋజువు అనే మాట ఏడో తరగతిలో భయపెట్టబాకగానీ రుచి చూపించు. కాగితం త్రిభుజం మూడు మూలలూ చించి పక్కపక్కన పెట్టమను, సరళరేఖ వస్తది, 180 డిగ్రీలు. క్లాసులో 40 మంది చింపితే 40 త్రిభుజాలకీ వస్తది. అప్పుడు అడుగు, 41వ దానికి రాకపోతే? గొడవ పడనీ, నువ్వు చెప్పబాక. మర్నాడు త్రిభుజం పైమూల మీదుగా కింది భుజానికి సమాంతరంగా ఒక గీత గియ్యి, కింద రెండు కోణాలూ పైకెక్కి ఆ గీత కింద కూర్చుంటాయి. నా సర్వీసులో నాకు బాగా నచ్చే నిమిషం అదే, ఒక్కసారిగా క్లాసు సైలెంటైపోద్ది.

సరే, మీ పెద్దమ్మ అన్నానికి పిలుస్తా ఉండాది. సంక్రాంతికొచ్చేటప్పుడు మీ నాన్న కొనాలనుకుంటున్న ఆ సైటు కొలతలు తీసుకురా, నాలుగు పక్కలు కాదు, ఐదు కొలతలు, మూల నుంచి మూలకి కూడా.

పెదనాన్న