ధాన్యం ఎవరికి అమ్మాలన్నది తరువాత. ముందు చేతిలో ఆరు నెలల ఖర్చు ఉందా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. ఐదెకరాల వరి కోతకు వచ్చింది. 120 క్వింటాళ్లు పండవచ్చు. రైతు ఉత్పత్తిదారుల సంఘం అందరి ధాన్యం కలిపి కొనుగోలు కేంద్రంలో అమ్ముదామంటోంది, కానీ డబ్బుకు నెల పట్టవచ్చు. పెట్టుబడికి 2 రూపాయల వడ్డీకి లక్షన్నర ఇచ్చిన వ్యాపారి మాత్రం కల్లంలోనే 2,050 చొప్పున, క్వింటాలుకు 3 కిలోల తరుగుతో కొంటానంటున్నాడు. ఇంటి ఖర్చు నెలకు 15 వేలు. నగలు తాకట్టు పెట్టి ఆ అప్పు తీర్చేసి, ధర పెరిగేదాకా ధాన్యం నిల్వ చేయమంటారా?

సమాధానం: ఈ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం, ఇందులోని పొరపాటు మీ ఒక్కరిది కాకపోవడమే. పంట కొనే మనిషి దగ్గరే పెట్టుబడికి అప్పు తెచ్చుకున్న రైతుకు, సంఘం ద్వారా అమ్మాలా, బయట అమ్మాలా అని తేల్చుకునే స్వేచ్ఛ నాట్ల నాడే పోతుంది.

లెక్క చూడండి. 2025-26లో కొనుగోలు కేంద్రంలో సాధారణ రకానికి ఇచ్చే ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. వ్యాపారి ధరతో తేడా 120 క్వింటాళ్లకు 38,280. తరుగు కింద పోయేది మరో 7,380. నెల ఆగితే మీ అప్పుపై పెరిగే వడ్డీ 3,000 మాత్రమే. అంటే మీరు 45 వేలు వదులుకోబోతున్నది వడ్డీకి భయపడి కాదు, ఆ నెల రోజులు ఇల్లు గడపడానికి చేతిలో డబ్బు లేక. కాబట్టి తాలు లేకుండా తూర్పారబట్టి, తేమ 17 శాతం మించకుండా ఆరబెట్టి, సంఘంతో కలిసి కేంద్రానికే తీసుకెళ్లండి. డబ్బు మీ ఖాతాలోనే నేరుగా పడుతుందో లేదో ముందే అడగండి.

తాకట్టు మాట దయచేసి మరచిపోండి. వడ్డీ కొంత తక్కువే కావచ్చు, కానీ ధర పెరుగుతుందన్న ఆశ తప్ప తీర్చే దారి లేని అప్పు జూదమే. ధాన్యం ఆరి తూకం తగ్గుతుంది, వడ్డీ మాత్రం ఆగదు.

నేను గట్టిగా చెప్పేది అత్యవసర నిధి గురించే. పంట డబ్బు ఆరు నెలలకోసారి వస్తుంది కనుక, ఆరు నెలల ఇంటి ఖర్చు 90 వేలు మీ దగ్గర ఎప్పుడూ ఉండాలి. ఈసారి మిగిలే 45 వేలలో సగానికి తగ్గకుండా విడి పొదుపు ఖాతాలో వేయండి. యాసంగిలోనూ అంతే చేయండి. దాన్ని చిట్టీలో పెట్టకండి, వడ్డీకి తిప్పకండి, ట్రాక్టరు వాయిదాకూ ముట్టుకోకండి. రైతు చనిపోతే రైతు బీమా ఇచ్చే 5 లక్షలు కుటుంబానికి అండే గానీ, ఆసుపత్రి బిల్లుకు పనికిరావు.

వచ్చే పెట్టుబడికి కిసాన్ క్రెడిట్ కార్డు తీసుకోండి. గడువులోగా కడితే 4 శాతం వడ్డీయే. లక్షన్నరకు ఆరు నెలలకు 3,000 అవుతుంది. వ్యాపారికి మీరు కట్టేది 18,000. యాసంగి నాట్లకు ముందే పట్టాదారు పాసుపుస్తకంతో బ్యాంకుకు వెళ్లండి. వ్యాపారిని నెల గడువు అడిగి, ధాన్యం డబ్బు పడగానే అసలు, వడ్డీ కట్టేసి, మీరు సంతకం చేసిన ప్రామిసరీ నోటును అక్కడికక్కడే వెనక్కి తీసుకోండి.