చేపలదీ వేటే, షమన్ మాత్రం శ్రమణుడు కాదు

సందేహం: ఈశాన్య చైనాకు చెందిన మంచూల ఆచారాలపై వ్యాసం అనువదిస్తూ ‘మంచూ శ్రమణుడు చేపలు పట్టడానికీ వేటకూ ముందు డోలు వాయిస్తాడు’ అని రాశాను. శ్రమణుడు, వేట, డోలు – మూడూ సరికావని ఒక మిత్రుడన్నారు. నిజమేనా?

సమాధానం: వేట సరైనదే, దాని పక్కనున్న ‘చేపలు పట్టడానికీ’ అన్నదే అనవసరం. మంచూ భాషలో ‘బుత్హ’ అనే మాట ఉంది. అడవిలో జింకను కొట్టినా, ఏట్లో చేపను పట్టినా బుత్హే. చైనాను ఏలిన చింగ్ చక్రవర్తుల కొలువుకు స్టర్జన్ చేపలు, ముత్యాలు, తేనె, పైన్ గింజలు పంపిన జిలిన్ ప్రాంతపు కచేరీ పేరు బుత్హ ఉలా. ఉలా అంటే నది. మన కోస్తాలోనూ అంతేగా! ‘వేటకెళ్లాడు’ అంటే సముద్రం మీదికే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండేది ‘వేట నిషేధం’. కాబట్టి ‘వేటకు’ అంటే చాలు. విడదీసి చెప్పాల్సినచోట అడవివేట, చేపలవేట అనండి.

ఒక్క చిక్కుంది. మనకు బలిచ్చే మేకపోతూ వేటే, దాని కూరా వేటమాంసమే. మంచూల ఇళ్లలో పందిని బలిస్తారు; దాని చెవిలో సారా పోస్తే, చెవి విదిలించినప్పుడు దేవతలు ఒప్పుకున్నట్టు. నీళ్లు చల్లితే మేక ఒళ్లు విదిలించాలని మన ఊళ్లలో చూడటం లేదూ? అలాంటి వాక్యంలో ‘వేటను అర్పించారు’ అంటే అడవి జంతువో, పెంపుడు పందో తెలియదు. అక్కడ ‘బలి’ అనే రాయండి.

శ్రమణుడు వద్దు. పూనకంలో ఆత్మలతో మాట్లాడే ‘షమన్’కు మంచూ మాట ‘సమన్’. సంస్కృత శ్రమణ శబ్దమే పాళీలో సమణ, చీనీలో షామెన్ అయి అటు చేరిందని ఒక వాదం. మంచూ కూడా చేరిన తుంగూస్ భాషల్లో తెలుసుకోవడమనే అర్థమున్న ‘సా’ ధాతువు నుంచి పుట్టిందని మరొకటి. ఇంకా తేలలేదు. తేలినా, తెలుగులో శ్రమణుడంటే బౌద్ధ జైన సన్యాసే. అహింసావ్రతం పట్టినవాడు వేటకు ముందు వాయిద్యం అందుకున్నాడంటే పాఠకుడు తికమకపడడా? ‘షమన్’ అనే ఉంచండి. ‘షమనుడు’ అనకండి: మంచూ కథల్లో పేరుమోసిన నిషాన్ షమన్ ఆడమనిషి. వేటకెళ్లి చనిపోయిన కుర్రవాడి ప్రాణాన్ని పరలోకం నుంచి తెచ్చింది ఆమే. షమన్‌కు వచ్చేదాన్ని పూనకమనవచ్చు, గణాచారి అంటే మాత్రం మన అమ్మవారి గుడి గుర్తొస్తుంది.

డోలుకు రెండు ముఖాలు, మెడలో వేలాడుతుంది. మంచూ షమన్ వాయించే ‘ఇమ్చిన్’కు ఒకటే ముఖం, వెనకవైపు పట్టుకుని ఒంటి కర్రతో కొడతారు. రెండు పుల్లలతో కొట్టే మన డప్పుకు కొంచెం తేడా, కనుక ‘చేతిడప్పు’ నయం. ఆ కర్రను మంచూలో ‘గిసున్’ అంటారు. మాటకు, భాషకు కూడా వాళ్ల పదం అదే.

వాక్యం ఇలా దిద్దుకోండి: ‘వేటకు బయల్దేరే ముందు మంచూ షమన్ చేతిడప్పు కొడతారు.’