భద్రాచలం సంగతి మరిచిపోమనను, టీకా మాత్రం మానొద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పాల్వంచ. మా పాపకు 12 ఏళ్లు, ఏడో తరగతి. పెద్దయ్యాక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయించమని పిల్లల డాక్టర్ చెప్పారు. మా అత్తమ్మ ససేమిరా వద్దంటున్నారు. ఆమె అప్పట్లో ఒక ఆశ్రమ పాఠశాలలో వంట చేసేవారు. 2009లో భద్రాచలం, కొత్తగూడెం వైపు పిల్లలకు ఇదే టీకా వేశారనీ, తల్లిదండ్రులకు మాటమాత్రంగానైనా చెప్పలేదనీ, కొందరు పిల్లలు చనిపోయారనీ అంటారు. మా ఆడపడుచేమో జపాన్‌లో ఈ టీకా వేసుకున్న అమ్మాయి చక్రాల కుర్చీకి పరిమితమైందని వాట్సాప్‌లో వీడియో పంపింది. పిల్లలు పుట్టరని కూడా అంటున్నారు. పైగా ఒక డాక్టర్ మూడు డోసులంటారు, ఇంకొకరు రెండంటారు, ఇప్పుడు ఒక్కటి చాలంటున్నారు. మీలో మీకే కుదరనప్పుడు మేం ఎవర్ని నమ్మాలి? నా వయసు 37.
- ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ అత్తగారు చెప్పింది పుకారు కాదు. జరిగిందే. అప్పుడు నేను పీజీ చేస్తున్నాను. పేపర్లో ఆ వార్తలు వచ్చినప్పుడు మెస్‌లో కూర్చుని, "ఏజెన్సీలో వాళ్లకు ఏ సూదన్నా భయమే" అని తేల్చేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత విచారణ నివేదికల్లోని సంగతులు చదివి సిగ్గుపడ్డాను. పాపకు టీకా వేయించమనే నా సలహా. కానీ ఆ ఒక్క ముక్క రాసి ఊరుకుంటే మీ అత్తగారి ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

2009 జులైలో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి ఈ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. గుజరాత్‌లోని వడోదరలోనూ వేరే కంపెనీ హెచ్‌పీవీ టీకాతో ఇలాంటిదే నడిచింది. దీన్ని ట్రయల్, అంటే మనుషుల మీద చేసే పరిశోధన అనలేదు, డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు, అంటే నమూనాగా చేసి చూపే పని అన్నారు. ఆ పేరు మీదే తర్వాత పెద్ద గొడవ జరిగింది. పరిశోధన అని ఒప్పుకుంటే పాటించాల్సిన నియమాలు చాలా ఉంటాయి మరి.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాల వాళ్లు ఊళ్లు తిరిగి విషయం బయటపెట్టాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం టీకా ఆపేయించి విచారణ వేసింది. ఒక పాప క్వారీ నీళ్లలో మునిగిపోయింది. ఒకరిని పాము కరిచింది. ఒకరికి మలేరియా ముదిరింది. ఇద్దరు పురుగుమందు తాగారు. మిగతా ఇద్దరిలో ఒకరికి తీవ్ర జ్వరం, ఇంకొకరికి మెదడులో రక్తస్రావం కారణం కావచ్చని, వాటికి టీకాతో సంబంధం ఉండే అవకాశం లేనంత తక్కువని విచారణ చేసినవాళ్లు తేల్చారు.

ఆ నిర్ధారణ సరైనదేనని నేను అనుకుంటున్నాను. కానీ మీ అత్తగారు ఎందుకు నమ్మలేదో కూడా నాకు అర్థమవుతుంది. వేల మంది పిల్లల్ని ఏ సూదీ వేయకుండా ఏడాది పాటు గమనించినా, ఆ పల్లెల్లో జ్వరాలకో పాముకాటుకో కొందరిని పోగొట్టుకుంటాం. కాబట్టి తేల్చాల్సింది ఒకటే: టీకా వేసుకున్న పిల్లల్లో చావులు, వేసుకోని పిల్లల్లో కంటే ఎక్కువా? దీనికి జవాబు చెప్పాలంటే మొదటి రోజు నుంచే లెక్క రాసుకోవాలి. టీకా తర్వాత పిల్లలకు ఏమవుతోందో కనిపెట్టి చూసే ఏర్పాటు సరిగా లేదని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో తప్పుపట్టింది. అడిగాక వెతుక్కుని చెప్పిన జవాబు నిజమైనా సాకులాగే వినిపిస్తుంది.

ఇక అంగీకార పత్రాలు. పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వాటి మీద వేలిముద్రలు, 2,763 వాటి మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అంటే పాతిక శాతానికి పైగా పిల్లలకు అమ్మానాన్నల బదులు వార్డెనే సరేనన్నారు. తిండి పెట్టి చదువు చెప్పిస్తారని నమ్మి అప్పజెప్పిన బిడ్డలు వాళ్లు. మీ అత్తగారు వంటగదిలోంచి చూసింది ఇదే.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మీకు తెలిసిందే. మరిగే పాలు పెడితే మూతి కాలి, ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయేది. మీ అత్తగారు ఏమీ అనుకోకపోతే ఒక మాట: ఆ కథలో పిల్లి తెలివితక్కువది కాదు, పాలు విషమూ కావు. తప్పంతా పెట్టినవాడిది. మేం మాత్రం పదిహేనేళ్లుగా పిల్లికే పాల గొప్పతనం గురించి ఉపన్యాసాలిస్తున్నాం.

మీ డోసుల ప్రశ్న నాకు బాగా నచ్చింది. దాని జవాబు కూడా భద్రాచలం దగ్గరే మొదలవుతుంది. ఖమ్మం ప్రాజెక్టుతో సంబంధం లేకుండా, అదే సమయంలో హైదరాబాద్ సహా దేశంలో తొమ్మిది చోట్ల ఇంకో అధ్యయనం నడుస్తోంది. మూడు డోసుల బదులు రెండు సరిపోతాయా అని చూడటం దాని ఉద్దేశం. 2010 ఏప్రిల్ ఉత్తర్వుతో దాన్నీ మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. దాదాపు ఐదు వేల మంది ఆడపిల్లలు ఒక్క డోసుతోనే ఆగిపోయారు. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా ఏటా కలుస్తూ, పరీక్షలు చేస్తూ వచ్చారు. పదేళ్ల లెక్కలు 2021లో బయటికొచ్చాయి. ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన 16, 18 రకాల హెచ్‌పీవీ వైరస్ ఒంట్లో తిష్ఠ వేయకుండా మూడు డోసులు 93 శాతం, రెండు డోసులు 93 శాతం కాపాడితే, ఒక్క డోసు 95 శాతం కాపాడింది. అంటే మూడూ ఒకటే. ఇది అనుకోకుండా తేలిన సంగతి కాబట్టి అంతటితో వదిలేయలేదు. కెన్యాలో మరో బృందం ఒక్క డోసునే పనిగట్టుకుని పరీక్షించింది. అక్కడా అదే తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 9 నుంచి 20 ఏళ్ల వారికి ఒక డోసు లేదా రెండు డోసులు చాలని చెప్పింది.

మూడు, రెండు, ఒకటి అని మాట మారడం మా మధ్య పొత్తు కుదరక కాదమ్మా. మారిన ప్రతిసారీ వెనక ఒక లెక్క ఉంది, ఆ లెక్క ఎవరైనా అడిగి చూడొచ్చు. పైగా డోసులు తగ్గితే కంపెనీలకు నష్టమే. కంపెనీల కోసమే డాక్టర్లు టీకాలు వేయిస్తారనే వాట్సాప్ మేధావులు ఈ సంగతికి ఏం చెబుతారో తెలుసుకోవాలని ఉంది.

2009లో ఈ టీకా క్యాన్సర్‌ను ఆపుతుందని చెప్పింది చాలావరకు అంచనా. టీకా వచ్చి మూడేళ్లే అయింది. అప్పుడు వేసుకున్న పన్నెండేళ్ల పిల్లలు పెద్దవాళ్లయితే గానీ తేలదు. ఇప్పుడు వాళ్లు పెద్దవాళ్లయ్యారు. స్వీడన్‌లో 17 ఏళ్ల లోపే వేసుకున్నవారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గిందని 2020లో తేలింది. ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్లకు వేసుకున్నవారిలో 87 శాతం తగ్గింది. స్కాట్లండ్‌లో అదే వయసులో వేసుకున్న యువతుల్లో ఒక్క కేసు కూడా నమోదు కాలేదని 2024లో ప్రకటించారు. మన దేశంలో ఏటా లక్షా పాతిక వేల మందికి పైగా ఈ క్యాన్సర్ బారిన పడుతున్నారు. దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వ్యాధి ముదిరాకే వస్తారు. తెల్లబట్ట, మధ్యమధ్య రక్తం కనపడటం ఇవన్నీ "మామూలే" అని ఏళ్ల తరబడి ఓర్చుకుని వస్తారు.

మీ ఆడపడుచు పంపిన వీడియో గురించి. 2013లో జపాన్‌లో ఇలాంటి దృశ్యాలు టీవీల్లో మోగిపోయాయి. అక్కడి ప్రభుత్వం టీకాను నిషేధించలేదు గానీ, వేసుకోమని చెప్పడం మానేసింది. దాదాపు 70 శాతం మంది వేసుకునే టీకా ఒక్క శాతం లోపుకు పడిపోయింది. తర్వాత నగోయా నగరంలో దాదాపు 30 వేల మంది యువతులను 24 రకాల లక్షణాల గురించి అడిగారు. టీకా వేసుకున్నవారికీ వేసుకోనివారికీ తేడా కనిపించలేదు. ఆ అమ్మాయిల బాధ నిజమే, కారణం మాత్రం టీకా అని తేలలేదు. ప్రభుత్వం మళ్లీ వేసుకోమని చెప్పింది 2022 ఏప్రిల్‌లో. ఈలోపు తొమ్మిదేళ్ల పాటు ఆడపిల్లలకు ఆ రక్షణ దొరకలేదు.

పిల్లలు పుట్టరన్నది నిజం కాదు. ఇందులో బతికున్న వైరస్ లేదు. వైరస్ పైతొడుగు లాంటి ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. అది గర్భసంచినీ అండాశయాలనీ ఏమీ చేయదు. ఈ భయం ఎక్కడిదో కూడా నాకు తెలుసు. మన రెండు రాష్ట్రాల్లో "తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని బెదిరించి, ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లకు గర్భసంచి ఆపరేషన్లు చేసేసిన ఆసుపత్రులున్నాయి. క్యాన్సర్ మాట ఎత్తి డాక్టర్ గర్భసంచి గురించి మాట్లాడితే పల్లెలో అనుమానపడటంలో వింతేముంది?

పాప విషయానికొద్దాం. 12 ఏళ్లు సరైన వయసు. ప్రైవేటులో వేయిస్తే 9 నుంచి 14 ఏళ్ల వారికి ఆరు నెలల తేడాతో రెండు డోసులు వేస్తారు. ప్రభుత్వ కార్యక్రమంలో ఒక్క డోసే ఇస్తే అదీ సరిపోతుంది, తక్కువ చేశారని అనుకోవద్దు. పుణేలో తయారైన సెర్వావ్యాక్ డోసు దాదాపు రెండు వేల రూపాయలు. విదేశీ టీకాల ధర ఇంకా ఎక్కువ. ఖరీదైనది దొరికేదాకా ఆగాల్సిన పని లేదు. సూది వేసిన చోట నొప్పి, వాపు, ఒకటి రెండు రోజులు కాస్త జ్వరం ఉండొచ్చు. ఈ వయసు పిల్లలు సూది భయానికే కళ్లు తిరిగి పడిపోతుంటారు, అందుకే వేయించాక పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోబెట్టండి. ఒంట్లో బాగా జ్వరం ఉంటే తగ్గాక వెళ్లండి. ఇంతకుముందు ఏదైనా టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే, లేదా ఈస్ట్ పడదని తెలిసి ఉంటే ముందే చెప్పండి.

అత్తగారిని ఒప్పించి తర్వాత వెళ్లాలని చూడకండి, ఆమెను వెంట తీసుకెళ్లండి. టీకా పేరేమిటి, సీసా మీద గడువు తేదీ ఎంత, వేశాక ఏదైనా అయితే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి, ఈ మూడూ ఆమెనే అడగనివ్వండి. విసుక్కునే డాక్టరైతే లేచి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కార్డు మీద బ్యాచ్ నంబర్ రాయించుకోండి. సంతకం మీరు పెట్టండి. పాపకు కూడా ఇది ఎందుకో మీ మాటల్లో చెప్పండి, ఏడో తరగతి పిల్లకు అర్థమవుతుంది.

మీ వయసు 37 అని రాశారు. టీకా మీకు ఇప్పుడు పెద్దగా ఉపయోగపడదు గానీ, ముఖద్వారం పరీక్ష మాత్రం మీరు చేయించుకోవాలి. ముప్పై దాటిన ప్రతి స్త్రీకీ ఇది అవసరం. ప్రభుత్వ ఆసుపత్రిలో పలుచని వెనిగర్ లాంటి ద్రావణం పూసి చూసే పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అందుబాటులో ఉంటే ముఖద్వారం కణాలు తీసి చూసే పాప్ స్మియర్ గానీ, వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ పరీక్ష గానీ చేయించుకోవచ్చు. పాపకు టీకా వేయించే రోజే మీరూ చేయించుకుని రండి. మీ అత్తగారు ఈ పరీక్ష ఎప్పుడూ చేయించుకోకపోతే, లేదా ముట్లు ఆగాక ఎప్పుడైనా రక్తం కనిపించి ఉంటే, ఆమెను కూడా అదే రోజు చూపించండి.