పంపాను అంటే సెంటా, హావ్ సెంటా?

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నా, చేరి మూడు నెలలైంది. మొన్న మీటింగ్‌లో ‘ఐ హావ్ సెంట్ ద రిపోర్ట్ యెస్టర్డే’ అంటే మా లీడ్ నవ్వి, ‘హావ్ ఎందుకు, ఐ సెంట్ అను చాలు’ అన్నాడు. పంపాను అనేగా రెండూ? పన్నెండు టెన్సులూ బట్టీ పట్టినవాణ్ణే, నోరు తెరిస్తే మాత్రం టెన్షన్. మళ్లీ మొదటి నుంచి చదవాలా?

జవాబు: వద్దు తమ్ముడూ. ‘పంపాను అనేగా రెండూ’ అన్నావు చూడు, గొడవంతా అక్కడే ఉంది. మనకు నిన్న పంపినా, ఇందాక పంపినా, ఎప్పుడు పంపామో గుర్తు లేకపోయినా ‘పంపాను’ ఒక్కటే. ఇంగ్లీషులో అదే మాటకు రెండు రూపాలున్నాయి. ఎప్పుడో చెప్పేస్తే, అంటే యెస్టర్డే, లాస్ట్ వీక్, ఇన్ 2019, టెన్ మినిట్స్ ఎగో లాంటి మాట వాక్యంలో పడిందంటే, ఉత్త సెంట్. ఎప్పుడన్నది కాకుండా పని అయిందా లేదా అన్నదే మాటైతే హావ్ సెంట్. పక్క సీటువాడు ‘రిపోర్ట్ ఏమైంది?’ అంటాడు, ‘ఐ హావ్ సెంట్ ఇట్’ అంటావు. వాడు ఊరుకోకుండా ‘ఎప్పుడు?’ అంటాడు, అప్పుడు ‘ఐ సెంట్ ఇట్ యెస్టర్డే’. అమెరికా క్లయింట్ ‘ఐ ఆల్రెడీ సెంట్ ఇట్’ అన్నాడని మళ్లీ కంగారు పడకు, వాళ్ల దగ్గర అది మామూలే, బ్రిటిష్ పద్ధతిలో అయితే అక్కడ హావ్ పెడతారు.

‘వెళ్తాను’ కూడా ఇలాంటిదే. రోజూ 500డి బస్సులో వెళ్తాను, రేపు ఊరికి వెళ్తాను. మొదటిది ఐ గో, రెండోది ఐ విల్ గో. మీ ఆఫీసులో కన్నడవాళ్లను గమనించు, వాళ్ల ‘హోగ్తీని’ కూడా రెండిటికీ సరిపోతుంది, అందుకే వాళ్లూ మనలాగే తడబడతారు.

ఇంకోటి, నువ్వు అడగలేదు కానీ కచ్చితంగా అంటూనే ఉంటావు: ‘ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ త్రీ మంత్స్’. మూడు నెలల నుంచి ఉంటున్నా అని మనసులో అనుకోగానే ‘ఉంటున్నా’ కాస్తా యామ్ స్టేయింగ్ అయిపోతుంది, ‘నుంచి’ సిన్స్ అయిపోతుంది. అనాల్సింది ‘ఐ హావ్ బీన్ స్టేయింగ్ హియర్ ఫర్ త్రీ మంత్స్’. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతోంది కాబట్టి హావ్ బీన్. ఎన్నాళ్లో లెక్క చెప్తే ఫర్, మొదలైన రోజో నెలో చెప్తే సిన్స్: సిన్స్ మండే, సిన్స్ జూన్. ఈ ‘నుంచి’ దగ్గర పడినంత మంది నాకు ఇంకెక్కడా కనపడలేదు.

ప్రశ్న: మేడమ్, మస్ట్ అన్నా హావ్ టు అన్నా ‘చేయాలి’ అనే కదా. మరి మస్ట్ నాట్, డోంట్ హావ్ టు కూడా ఒకటే కావాలిగా? మా పాప వర్క్‌షీట్‌లో టీచర్ తప్పు పెట్టారు. (కె.ఆర్.పురం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: టీచర్ చేసింది రైటేనండీ. ఈ తప్పుకు నేను మూల్యం చెల్లించుకున్నాను. బెంగళూరు వచ్చిన కొత్తలో కుళాయి లీకవుతుంటే మా ఇంటి ఓనరు, పెద్దాయన, ఆదివారం స్వయంగా వచ్చి చూస్తానన్నారు. పాపం మూడంతస్తులు ఎక్కి రావడం ఎందుకులే అని, ‘యూ మస్ట్ నాట్ కమ్, అంకుల్’ అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. రానక్కర్లేదు అని నా ఉద్దేశం, ఆయనకు వినపడింది ‘మీరు రాకూడదు’ అని! ఆ ఆదివారం ఆయనా రాలేదు, ప్లంబరూ రాలేదు, ఇంకో వారం బకెట్ పెట్టుకుని కూర్చున్నాను.

మస్ట్ నాట్ అంటే చేయకూడదు, డోంట్ హావ్ టు అంటే చేయక్కర్లేదు. అవునన్నప్పుడు దగ్గరగా ఉండే ఈ రెండూ కాదన్నప్పుడు విడిపోతాయి. పాపకు తెలుగులోనే చెప్పండి, చిటికెలో అర్థమవుతుంది, ఎందుకంటే ఇక్కడ మన భాషలో తేడా స్పష్టంగా ఉంది. నన్నడిగితే టెన్సుల్లో తెలుగు మనల్ని ఇరికిస్తుంది కానీ మస్ట్, మే, షుడ్ లాంటి మోడల్ వెర్బుల్లో బాగా ఆదుకుంటుంది. తాళం వేసి ఉందనుకోండి: వెళ్లి ఉంటాడు, మస్ట్ హావ్ గాన్. అంత నమ్మకం లేదు: వెళ్లి ఉండొచ్చు, మే హావ్ గాన్. వెళ్లలేదు, వెళ్తే బాగుండేది: వెళ్లాల్సింది, షుడ్ హావ్ గాన్. గ్రామర్ పుస్తకం రెండు పేజీలు తినే సంగతి ఇది, మన వంటింట్లో రోజూ పది సార్లు దొర్లుతుంది.

ప్రశ్న: ‘ఐ వుడ్ బి ఆన్ లీవ్ టుమారో’ అని మెయిల్ పెడితే మర్యాదగా ఉంటుందా? (వైట్‌ఫీల్డ్ నుంచి)

జవాబు: ఉండదు, విల్ అని రాయండి. మర్యాద కోసం వుడ్ వాడేది ఎదుటివాళ్లను ఏదైనా అడిగేటప్పుడు: ‘వుడ్ యూ ప్లీజ్ అప్రూవ్ మై లీవ్?’ మీ వాక్యం చదివిన మేనేజర్‌కు మాత్రం, రేపు సెలవు పెట్టాలనే ఉంది కానీ ఏదో అడ్డొస్తోంది అన్నట్టు వినపడుతుంది. ఆ అడ్డేంటో చెప్పమని ఆయన తిరిగి మెయిల్ పెట్టినా పెడతాడు.