కబేళా వద్దు అనే హక్కు ఎంతవరకు?

ప్రశ్న: మా మున్సిపాలిటీ శివారులో రోజుకు 200 గొర్రెలు, మేకలను వధించే కబేళా కట్టాలనే ప్రతిపాదన వచ్చింది. వార్డు సమావేశంలో జనం రెండుగా చీలిపోయారు. మూగజీవాల హింసకు మా ఊళ్లో చోటివ్వబోమని కొందరు, ఇప్పుడు వీధుల్లో మురుగుకాల్వల పక్కన కోస్తున్నదానికన్నా ఇదే నయమని మరికొందరు అంటున్నారు. జీవాల లారీలను రోడ్డు మీదే ఆపేస్తామని కొంతమంది యువకులు పట్టుబడుతున్నారు. జంతు సంక్షేమం ప్రాతిపదికగా దీన్ని చట్టప్రకారం ఆపించగలమా?
– ఒక పాఠకురాలు

జవాబు: జీవాన్ని చంపడం తప్పా అన్నది ఒక ప్రశ్న, చంపే ముందు దాన్ని ఎలా చూడాలన్నది మరొక ప్రశ్న. మీ సమావేశంలో ఈ రెండూ కలగలిసిపోయాయి. మొదటిదాని మీద కోర్టుకు వెళితే మీకు పెద్దగా దక్కేదేమీ ఉండదు. రెండోదాని మీద మాత్రం చట్టం గట్టిగా మీ పక్షాన ఉంది.

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ జంతువులను హింసించడాన్ని నేరంగా ప్రకటిస్తూనే, మనుషుల ఆహారం కోసం చేసే వధను, దానివల్ల అనవసరమైన నొప్పి, బాధ కలగనంత వరకు, ఆ నేరం నుంచి మినహాయించింది. కబేళాల నియంత్రణను రాజ్యాంగం 12వ షెడ్యూలులో మున్సిపాలిటీల విధుల్లో ఒకటిగా చేర్చింది. కాబట్టి ‘ఇక్కడ జీవహింస జరుగుతుంది’ అనే ఒక్క కారణంతో అనుమతి రద్దు చేయమని అడిగితే ఆ అభ్యర్థన నిలవదు. ఆవులు, దూడల వధపై ఉన్న నిషేధం వేరే చట్టానికి సంబంధించినది. గొర్రెలు, మేకలకు అది వర్తించదు.

మీ బలమంతా ‘అనవసరమైన బాధ’ అన్న ఆ రెండు మాటల్లోనే ఉంది. ఆ మాటలకు ఆచరణరూపం ఇస్తూ కేంద్రం 2001లో కబేళాల నిబంధనలను తెచ్చింది. వాటి ప్రకారం చూడితో ఉన్న జీవాన్ని, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని, మూడు నెలలు నిండని పిల్లను, పశువైద్యుడు యోగ్యమని ధ్రువీకరించని జీవాన్ని వధించకూడదు. పరీక్ష పూర్తయిన జీవాన్ని మేత, నీరు అందే కొట్టంలో 24 గంటలు విశ్రాంతిగా ఉంచాలి. ఒక జీవం కళ్ల ముందు మరొక జీవాన్ని కోయకూడదు. పద్దెనిమిదేళ్లు నిండనివారిని అక్కడ పనిలో పెట్టుకోకూడదు.

ఈ నిబంధనలను మీ ఊరి ప్రతిపాదన పక్కన పెట్టి లెక్కగట్టండి. ఒక పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించకూడదు. అంటే 200 జీవాలకు కనీసం ముగ్గురు వైద్యులు కావాలి. ప్రతిపాదనలో ఒక్కరినే చూపించి ఉంటే, ఆ ధ్రువపత్రాలు జీవాన్ని చూడకుండా సంతకం చేసినవే అవుతాయి. విశ్రాంతి కొట్టంలో చిన్న జీవానికి 1.6 చదరపు మీటర్ల చోటు తప్పనిసరి కాబట్టి 200 జీవాలకు 320 చదరపు మీటర్లు కావాలి. ఒక మంద వెళ్లకముందే మరో మంద వస్తే అదీ చాలదు. భవనం ప్లానులో ఆ కొట్టం విస్తీర్ణం ఎంతో అడగండి. వట్టి నినాదాల కన్నా అధికారులను ఎక్కువగా ఇరుకున పెట్టే ప్రశ్న ఇదే.

కబేళా వద్దంటున్న జీవకారుణ్యవాదులకు గౌరవంతోనే ఒక మాట చెప్పాలి. ఇది వద్దన్నంత మాత్రాన మాంసం అమ్మకం ఆగదు. మున్సిపల్ పరిధిలో గుర్తింపు పొందిన కబేళాలో తప్ప బయట వధించకూడదని ఆ నిబంధనలే చెబుతున్నా, వీధి పక్కన తోటి మేకను కోస్తుంటే పొట్టి తాడుతో కట్టేసిన మరో మేక వణుకుతూ నిలబడి చూడటం మనందరికీ తెలిసిన దృశ్యమే. దాన్ని పరీక్షించే వైద్యుడుండడు, దానికి విశ్రాంతీ ఉండదు. నా అభిప్రాయంలో, కబేళా మొదలైన రోజు నుంచి వీధుల్లో వధను పూర్తిగా ఆపాలని తీర్మానంలోనే షరతుగా రాయించుకోవడం జీవాలకు ఎక్కువ మేలు చేస్తుంది.

స్థలం, కాలుష్యం విషయంలో అభ్యంతరాలుంటే దారి వేరు. నీటి కాలుష్య నివారణ చట్టం, 1974లోని 25వ సెక్షన్ కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి లేకుండా నిర్మాణం మొదలుపెట్టకూడదు. రక్తం, పేగుల వ్యర్థాలు, కడిగిన నీరు ఎక్కడికి వెళ్తాయో ఆ దరఖాస్తులో చెప్పి తీరాలి. రోజుకు 150 చిన్న జీవాలు దాటే కబేళాకు ఆహార భద్రత సంస్థ నుంచి కేంద్ర లైసెన్సు కూడా అవసరం. మున్సిపాలిటీ లైసెన్సు ఒక్కటే సరిపోదు. ఈ కాగితాలన్నింటి నకళ్లూ సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మండలి సమ్మతి ఉత్తర్వుపై అప్పీలుకు గడువు 30 రోజులే. పర్యావరణ హానిపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లదలిస్తే వివాద కారణం తలెత్తిన ఆరు నెలల్లోగా వెళ్లాలి.

లారీలను ఆపే ఆలోచనను మాత్రం ఆ యువకుల చేత మాన్పించండి. వాహనాన్ని అడ్డగించడం భారతీయ న్యాయ సంహిత కింద అక్రమ నిరోధం అవుతుంది. కేసు వారి మీదే పడుతుంది. లారీలో జీవాలను కిక్కిరిసి తెస్తున్నారని కనిపిస్తే వాహనం నంబరు, ఫోటో, సమయంతో పోలీసులకు ఫిర్యాదు చేయండి. అయితే 1960 చట్టం కింద మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. ఒక మూగజీవి బాధకు చట్టం కట్టిన ఈ విలువ చూస్తే మనసు కలుక్కుమంటుంది. అందుకే నేరం జరిగాక శిక్ష కోసం తిరగడం కన్నా, అనుమతి ఇవ్వకముందే షరతులు పెట్టించడం మేలంటున్నాను.

మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం చేయకముందే పై అంశాలన్నీ రాసి, రెండు పక్షాల వారూ సంతకాలు చేసిన ఒకే వినతిపత్రాన్ని కమిషనరుకు ఇవ్వండి. నకలుపై తేదీతో సహా అందినట్లు ముద్ర వేయించుకోండి. రేపు హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే, ‘ముందుగా అధికారులను అడిగారా?’ అన్న ప్రశ్నకు మీ జవాబు ఆ కాగితమే.