16 బిట్ రికార్డర్‌కి 46 డీబీయే వస్తోందంటే: కప్పల్ని కూడా కొలిచేశారు

మీ 16 బిట్ రికార్డర్ డైనమిక్ రేంజ్ (చెడకుండా పట్టే అతి పెద్ద సిగ్నల్‌కీ, దాని సొంత నాయిస్‌కీ, అంటే రొదకీ మధ్య దూరం, డెసిబెల్స్‌లో) 46 డీబీయే వస్తోంది, లెక్క తప్పా అని అడిగారు. లెక్క సరైనదేనండీ, కొలతలోనే తేడా. గరిష్ఠం 2 వోల్టులు, నాయిస్ 10 మిల్లీవోల్టులు అన్నారు. నిష్పత్తి 200, దానికి 20 లాగ్ కడితే 46 డీబీయే. కానీ ఆ 10 మిల్లీవోల్టులు రికార్డర్‌వి కావు. అమలాపురంలో కాలువ గట్టు ఇల్లు, వానాకాలం రాత్రి, మైకు తగిలించే ఉంచారు. మీరు కొలిచింది కప్పల బెకబెక, ఫ్యాను మోత.

1. మైకు పీకేసి, దాని చోట 150 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ఖాళీగా వదిలితే కరెంటు హమ్ లాగేస్తుంది.

2. గెయిన్ నాబ్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో పెట్టేది) ముట్టుకోవద్దు. అందరూ జారేది ఇక్కడే. నాయిస్ కొలిచేటప్పుడు గెయిన్ తగ్గిస్తే అంకె ఘనంగా వస్తుంది, కానీ అది మీరు రికార్డు చేసే గెయిన్‌ది కాదు. రెండు కొలతలకీ ఒకే గెయిన్, రికార్డింగప్పుడు వాడేదే.

3. సైన్ వేవ్ ఇచ్చి, శిఖరాలు చదునయ్యే ముందు ఆగండి. గరిష్ఠం, నాయిస్ రెండూ ఆర్‌ఎంఎస్‌లోనే (ఒక రకం సగటు విలువ). సైన్ వేవ్‌ని ఆసిలోస్కోపులో పీక్-టు-పీక్ (కింది అంచు నుంచి పై అంచు దాకా) చూస్తుంటే 2.83తో భాగించండి; ఇది సైన్ వేవ్‌కే, నాయిస్‌కి కాదు.

4. మళ్లీ 20 లాగ్. (పవర్ అయితేనే 10.)

నాయిస్ 0.1 మిల్లీవోల్టుకి దిగితే 86 డీబీ. 16 బిట్లకి సూత్రం 6.02 × 16 + 1.76, అంటే 98 డీబీ, కాగితం మీది హద్దు. మైకు ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ని పెంచే భాగం) ముందుండగా అంత రాదు, దాని కోసం రికార్డర్ మార్చకండి.