క్లినిక్ పెడుతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

సూర్యారావుపేటలో పిల్లల ఫిట్స్‌కి విడిగా క్లినిక్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసిన దగ్గర్నుంచి నాకు సరిగా నిద్ర లేదు. ఎంత సంతోషమో అంత టెన్షన్. బోర్డూ, ఫర్నిచరూ నువ్వే చూసుకోగలవు. ఫిట్స్ వచ్చిన బిడ్డను పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ పొయ్యొద్దు, 5 నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలి అని పెద్ద అక్షరాలతో రాయించి గోడకి అంటించు.

నేను చెప్పాల్సింది వేరే ఉంది. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1994 ఎండాకాలం. గుంటూరు కొత్తపేటలో నా ప్రాక్టీసు కొత్త. మిర్చి యార్డులో కూలికి వెళ్లే ఒకావిడ ఏడు నెలల పాపను తెచ్చింది. జ్వరం తగిలితే చాలు ఫిట్స్, అరగంటైనా ఆగవు, ఒకసారి కుడివైపు కొట్టుకుంటే ఇంకోసారి ఎడమవైపు. వేడినీళ్లు పోసినా వస్తున్నాయంది. కార్బమజెపైన్ అనే ఫిట్స్ మందు రాశాను. తగ్గలేదు, డోసు పెంచాను, మళ్లీ పెంచాను. ఆవిడకి చదువు రాదు. ఫిట్స్ వచ్చిన రోజు గోడ క్యాలెండర్ గడిలో కుంకుమతో చుక్క పెట్టి, నెల కాగానే ఆ కాగితం చింపి తెచ్చేది. ఏప్రిల్‌లో ఆరు చుక్కలు, మేలో పదకొండు, జూన్ కాగితం మీద తేదీలే కనబడలేదు. "మందు పెంచినప్పుడల్లా ఎక్కువవుతున్నాయయ్యా" అంది. టైముకి మందు వెయ్యడం లేదని ఆవిణ్ణే కేకలేశాను. ఆ కాగితం మడిచి కొంగున ముడేసుకుని, పాపను భుజానేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ పాపకున్నది ఇప్పుడు డ్రావే సిండ్రోమ్ అంటున్న జబ్బే అనుకుంటాను. షార్లెట్ డ్రావే అనే ఫ్రెంచి డాక్టరు దాని గురించి 1978లోనే రాసింది, నేను చదవలేదు. అది ఎస్‌సిఎన్1ఎ జన్యువు వల్ల వస్తుందని 2001లో తేలింది. ఆ జన్యువు తయారుచేసే సోడియం ఛానల్, అంటే కణంలోకి సోడియం వచ్చే ద్వారం, ఎక్కువగా అవసరమయ్యేది మెదడులో పక్క న్యూరాన్లను (నాడీ కణాలను) అణచి ఉంచే న్యూరాన్లకి. ఛానల్ తెరుచుకుని సోడియం లోపలికి వస్తేనే వాటి నుంచి సిగ్నల్ వెళ్తుంది, వెళ్లకపోతే పక్కవి అదుపు తప్పి ఫిట్స్ వస్తాయి. కార్బమజెపైన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ లాంటి ఫిట్స్ మందులు పనిచేసేది ఆ ఛానళ్లను మూసి ఉంచే. ఆ పాపకి టెస్టు ఎవరూ చెయ్యలేదు కానీ లక్షణాలన్నీ అవే. అసలే ఛానళ్లు చాలని న్యూరాన్ల నోరు ఇంకాస్త నొక్కింది నేనే అమ్మలూ.

"ఇప్పుడు జీన్ టెస్టు ఉందిగా మామయ్యా" అంటావు. రిపోర్టుకి వారాలు పడుతుందే పిచ్చిదానా, అప్పటిదాకా నీకుండేది తల్లి చెప్పే మాటే. అలాగని ఆ మందులంటే భయపడకు. పుట్టిన మూడు నెలల లోపు ఫిట్స్ మొదలైన, ఎస్‌సిఎన్2ఎ అనే ఇంకో సోడియం ఛానల్ జన్యువులో తేడా ఉన్న పిల్లల్లో చాలామందికి అవే పనిచేస్తాయి, అక్కడ ఛానల్ అతిగా తెరుచుకుంటుంది కాబట్టి. ఏ ఛానల్, ఏ న్యూరాన్‌లో, తక్కువా ఎక్కువా, అది ఆలోచించకుండా డోసు పెంచకు.

ప్రారంభానికి ముందు రోజే బస్సెక్కి వస్తాను. పెద్ద గడులున్న క్యాలెండర్లు ఓ వంద కొనిపెట్టు, వచ్చిన ప్రతి తల్లికీ ఒకటివ్వు. డబ్బులు నేనిస్తాను.

మీ మామయ్య